చిన్నవ్వ మామిడితోపులో బదనికలు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఎవరిదో రిసెప్షన్. అద్దెకు తెచ్చిన ఆర్కిడ్ కుండీలు మెట్ల పక్కన వరసగా పెట్టారు. ఒకతను గుడ్డపీలికను నూనెలో ముంచి ఒక్కో ఆకే తుడుస్తున్నాడు, మెరవాలని. లిఫ్ట్ కోసం నిలబడ్డదాన్ని, నాకు తెలియకుండానే అరిచేశాను, "నూనె రాయొద్దయ్యా, చచ్చిపోతాయి!" అని. అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, రెండు రోజుల తరవాత ఎలాగూ పారేసేవే గదా పాటీ, అంటే అవ్వా, అని అరవంలో అనేసి తన పనిలో పడ్డాడు. అతని మాటలో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఇక్కడ ఫ్లాటు మా అబ్బాయి తెలిసి కొన్నాడో తెలియక కొన్నాడో గానీ, కోడంబాక్కంలో ఈ అపార్ట్‌మెంట్లు లేచిన చోట ఒకప్పుడు సినిమా స్టూడియో ఉండేది. ఇప్పుడు కార్లు నిలబెట్టే చోట దాని రెండో షూటింగ్ ఫ్లోరు ఉండేది. అందులో మా నాయన పనిచేసేవాడు. సెట్లలో చెట్లూ చేమలూ అమర్చడం ఆయన పని. మీరు తెర మీద చూసిన అడవుల్ని, రాజుగారి ఉద్యానవనాల్ని పొద్దున ఆరింటికి నాటి సాయంత్రం పీకేసినవాళ్ళలో ఆయనొకడు. సున్నం, రంపపుపొట్టు, లైట్ల వేడికి మాడే దుమ్ము, క్యాంటీన్ సాంబారు, ఈ నాలుగూ కలిసిన వాసన ఆయన చొక్కాను ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదు. మా అమ్మ ఆ వాసనను తిట్టేది. నేను ఆ చొక్కా కప్పుకుని పడుకునేదాన్ని.

ఆదివారం షూటింగ్ లేకపోతే నాయన నన్ను సైకిల్ ముందు కమ్మీ మీద ఎక్కించుకుని బయలుదేరేవాడు. తమ్ముళ్ళు ఏడ్చినా వాళ్ళను తీసుకుపోయేవాడు కాదు. "పాపకు చెట్టంటే ఏందో తెలుస్తాది. మీకు తిండొకటే తెలుస్తాది, పోండ్రా!" అనేవాడు. ఆ మాటకు నేను ఏనుగెక్కినంత సంబరపడిపోయేదాన్ని. పదేళ్ళదాన్ని, లోకంలో నాకు అంతకుమించిన బిరుదు అక్కర్లేకపోయింది.

మూలకడై దాటి, మాధవరం దాటి, రోడ్డు సన్నబడి మట్టిదారి అయ్యాక మా చిన్నవ్వ తోపు వచ్చేది. చిన్నవ్వ అంటే నాయనకు పిన్ని. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆయన వాటాకొచ్చిన మామిడితోపులో పూరింట్లో ఒంటరిగా ఉండేది. తెలుగు నేల నుంచి ఎన్ని తరాల కిందట ఇటు వచ్చిపడ్డామో మాలో ఎవరికీ తెలియదు. చిన్నవ్వ తెలుగులో సగం అరవం, అరవంలో సగం తెలుగు. సైకిల్ గంట వినపడగానే పొయ్యి మీద రాగిసంగటి కెలుకుతూనే "సీక్రం రా అమ్మణ్ణీ, ఆరిపోతాది!" అని కేకేసేది. సంగటిలోకి నెత్తళ్ళ చేపల పులుసు, అందులో పుల్లటి మామిడికాయ ముక్కలు. ముల్లుతో సహా నమిలి మింగేదాన్ని. ఆ తరవాత ఏ ఇంట్లో తిన్నా పులుసు నీళ్ళలాగే ఉంది.

ఆ తోపులో అన్నీ ముసలి చెట్లు. బెరడు పెళుసెక్కి నెర్రెలిచ్చి ఉండేది. ఆ నెర్రెలను పట్టుకుని, చేతికందే ఎత్తు నుంచి కొమ్మలు చీలే చోటు దాకా బదనికలు ఉండేవి, ఇప్పుడు ఆర్కిడ్లంటున్నారే, ఆ జాతివే. జానెడు మొదలుకుని మూరెడు దాకా కాడ, దానికి రెండు పక్కలా జడ అల్లినట్టు మందపాటి ఆకులు. ఆకు మధ్యలో గాడి, కొసన మాత్రం ఎవరో పళ్ళతో కొరికినట్టు ఎగుడుదిగుడు. ఆ కొసలన్నీ కొరికింది నేనేనని మా పెద్దతమ్ముణ్ణి చాలా రోజులు నమ్మించాను. వేళ్ళు చిటికెనవేలంత లావున, సున్నం కొట్టినట్టు తెల్లగా, కొన్ని బెరడుకు అతుక్కుని, కొన్ని గాలిలో వేలాడుతూ ఉండేవి. తడి తగిలితే చాలు, తెలుపు పోయి పచ్చబడేవి. నీళ్ళెందుకని నేను ఉమ్మి రాసి ఆ వింత చూస్తుంటే చిన్నవ్వ వెనకనుంచి వచ్చి నెత్తిన మొట్టింది.

"అది దాని నోరే! నీ నోట్లో ఎవురన్నా ఉమ్మితే ఊరుకుంటావా?"

తోపుకు వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఆమెకు ఒకటే సలహా ఇచ్చేవాడు, బదనిక చెట్టును తినేస్తుంది, గీకి పారెయ్ అని. చిన్నవ్వ విసుక్కోకుండా కొడవలి మొనతో ఒక వేరును కాస్త ఎత్తి చూపించేది. "చూడప్పా, కింద బెరడుకు గాటు ఉండాదా? లేదు గదా. ఇది కూచునేదానికి చోటడిగింది గాని కూడడగలేదు. వానా, మంచూ, గాలీ, దాని కూడు అది చూసుకుంటాది. చెట్టు రసం తాగే బదనిక వేరే ఉండాది. పేరొకటైతే గుణం గూడా ఒకటే అవుతాదా?"

ఎండలు ముదిరాక పూసేవి. ఆకుల సందులోంచి ఒక కాడ లేచి దాని మీద ఆరో ఎనిమిదో పూలు. రెక్కల లోపలివైపు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు మీద గోధుమరంగు గళ్ళు, అచ్చం లుంగీ గళ్ళలాగా. వెనకవైపు తెలుపు. నడుమ నాలుకలా చాచిన రేకు మాత్రం నీలం, ఊదా కలిసిన రంగు. పొద్దెక్కి ఎండ తగిలాక తీపి వాసన వేసేది, మాగిన ద్రాక్షపండు వాసన. అన్ని పూలూ కాయలు కావు. ఎక్కడో ఒకటి వేలెడు పొడుగున గట్లుగట్లుగా కాయ కాసి, నెలల తరబడి పండి, పగిలితే లోపల గింజలుండవు, దుమ్మే. ఆ దుమ్ము నేను అరచేతిలో పోసుకుని ఊదేసేదాన్ని. "ఊదు, ఊదు. ఊరంత దుమ్ములో యాడో ఒకటి నెర్రెలో పడి నిలస్తాది. పూసేతలికి నువ్వు పెద్దమనిషివవుతావు" అనేది చిన్నవ్వ.

ఆ ఆకును వెచ్చచేసి పిండిన రసం చెవిపోటుకు, నూనెలో కాచిన వేరు కీళ్ళనొప్పులకు ఆమె ఇచ్చేది. తగ్గేదో లేదో నాకు తెలియదు. జనం మాత్రం వచ్చేవాళ్ళు. ఆమెకు కొన్ని కట్టుబాట్లుండేవి. ఒక్కో మొదలు నుంచి ఏడాదికి ఒకటే ఆకు. వేరైతే గాలికి రాలిందే. పూత మీదున్నదాన్ని ముట్టుకోదు. పైసా తీసుకోదు గానీ, వచ్చినవాళ్ళను ఊరికే పోనిచ్చేది కాదు. గాలివానకు ఊడి పడ్డ ఒక బదనికను వాళ్ళ చేతికిచ్చి, కింద కొబ్బరిపీచు పెట్టించి, అరటినారతో చెట్టుకు కట్టించేది. "ఇది పాలామె కట్టింది. ఇది బస్సు కండక్టరు కట్టింది, చూడు, బిర్రుగా కట్టి ఊపిరాడకుండా చేసినాడు" అని తోపంతా తిప్పి చూపేది. అక్కడున్న నలభై చిల్లర మొదళ్ళలో సగానికి పైగా అట్లా ఎవరో ఒకరు కట్టినవే. పిల్లాజెల్లా లేని ముసలమ్మను మనుషులు వెతుక్కుంటూ వచ్చేది వాటి వల్లే. నా చేత కూడా ఒకటి కట్టించింది. కట్టు సరిగ్గా కుదిరినప్పుడు నా బుగ్గలు పుణికి, "నా తరవాత నువ్వే చూసుకోవాల" అంది.

ఆ ఎండాకాలం నేనొక దొంగతనం చేశాను. చిన్నవ్వ చూడకుండా ఒక పూలకాడ విరిచి పావడా మడతలో దాచుకుని వచ్చాను. ఇంట్లో కిటికీ దగ్గర నీళ్ళ సీసాలో పెట్టాను. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పూలు వాడలేదు. "ఇది పూవా, ప్లాస్టిక్కా?" అని మా అమ్మ గిల్లి చూసింది. నాయన రోజూ పళ్ళు తోముకుంటూ వచ్చి దాన్ని చూసేవాడు. ఎక్కడిదని అడగలేదు, తిట్టలేదు. నన్ను వెనకేసుకొస్తున్నాడని పొంగిపోయాను.

అప్పుడే స్టూడియోలో ఒక పెద్ద పాట మొదలుపెట్టబోతున్నారు. అడవి సెట్టు. ప్లాస్టర్‌తో నలుగురు చేతులు కలిపినా అందనంత లావు మాను కట్టి, దానికి పూలతీగలు అల్లించారు. లైట్లు వేసిన గంటకల్లా పూలన్నీ వేలాడిపడ్డాయి. బడి సెలవులు కాబట్టి నేను నాయనతో వెళ్ళి ఓ పక్కన బోండా తింటున్నాను. ఆర్ట్ డైరెక్టరు నాయన మీద ఎగిరాడు.

"ఎన్నప్పా ఇది? అడవి పూలు తెమ్మంటే వాడిపోయిన ఆకుకూర కట్టలు తెచ్చి చుట్టినావు! ఇరవై దినాలు తీయాల పాట. మొదటి దినం ఎట్లుండాదో ఆఖరి దినం అట్లే ఉండాల. అట్లాంటి పూవు నీకు తెలీకపోతే చెప్పెయ్, ఇంకొకణ్ణి పెట్టుకుంటాం."

మా నాయనను అట్లా అనడం నేనెప్పుడూ వినలేదు. నోట్లో బోండా ముక్క అట్లాగే పెట్టుకుని అడ్డం పడ్డాను. "ఉండాయి సార్! మా చిన్నవ్వ తోపులో ఉండాయి. మా ఇంట్లో సీసాలో పెడితే ఇరవై దినాలుగా వాడలేదు!"

ఆయన నావైపు తిరిగి నవ్వి, "అప్పిడియా! నీకంటే నీ కూతురే మేలప్పా" అన్నాడు. నేను నాయనకేసి చూశాను. నాయన తల వంచుకుని బొటనవేలితో నేల గీరుతున్నాడు. నావైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. గోనెసంచులు, చెక్క గీకే ఉలులు, ఐదుగురు మనుషులు. నేను డ్రైవరు పక్కన గొప్పగా కూర్చున్నాను. చిన్నవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. ఎవరో చుట్టం పెద్దకర్మకని ఊత్తుకోట పోయిందని నాయన చెప్పాడు. ఆమె వచ్చాక అడిగి తీసుకుంటారనుకున్నాను. వాళ్ళు నిచ్చెనలు వేశారు. బెరడుకూ వేరుకూ మధ్య ఉలి దూర్చి మీటితే వేళ్ళు పటపటమని తెగేవి. ఆ చప్పుడు వినలేక నేను బావి దగ్గరికి పోయి కూర్చున్నాను. అన్నీ పూత మీదున్నాయి.

ఆఖరి సంచి ఎక్కిస్తుండగా చిన్నవ్వ వచ్చింది. చంకలో మూట అట్లాగే ఉంది. ఒక్కో చెట్టునూ చూసుకుంటూ వచ్చి వ్యాను ముందు నిలబడింది. బెరడు మీద వేళ్ళున్న చోటల్లా తెల్లటి చారలు.

"ఎవురు చెప్పినార్రా వీళ్ళకు?" అని నాయనను అడిగింది.

నాయన అన్నాడు, "నేనేం చేసేది చిన్నమ్మా? పాప నోరు జారింది. అందురి ముందరా చెప్పేసింది. లేదంటే నా పని పోతాది. ఇరవై దినాలే, మళ్ళీ యాడివాడ కట్టేస్తా."

చిన్నవ్వ నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. "దీనికి నేర్పిందానికి నాకు కావాల్సిందేలే" అని నాయనతోనే చెప్పి లోపలికి పోయింది. ఆ రోజు మాకు మంచినీళ్ళయినా ఇవ్వలేదు.

సెట్లో వాటిని ప్లాస్టర్ మానుకు మేకులతో బిగించారు. పూలు లైట్లకు తట్టుకుని నిలిచాయి. ఆర్ట్ డైరెక్టరు నాయన భుజం తట్టాడు. ఆకులు మాత్రం కెమెరాలో మొద్దుగా కనిపిస్తున్నాయని, మెరిసేలా చేయమన్నాడు. ఆముదం తెచ్చి పూశారు. అది ఆరేకొద్దీ మళ్ళీ పూశారు. పైన రంగు చల్లే మిషనుతో పచ్చరంగు కొట్టారు. ఊపిరి తీసుకునే ఆకు మీద నూనె, నీళ్ళు తాగే వేరు మీద రంగు. హీరో డేట్లు కుదరక ఇరవై రోజులు రెండు నెలలయింది. అన్నాళ్ళలో అవి బతకడానికే చూశాయి. కొత్త వేళ్ళు పచ్చటి మొనలతో బయటికొచ్చి, ఆ ప్లాస్టర్‌నే బెరడనుకుని కరుచుకున్నాయి. సెట్టు పగలగొట్టిన రోజు ఆ వేళ్ళు కూడా పెచ్చులతో పాటు ఊడివచ్చాయి. మనిషి కట్టిన దొంగచెట్టును నమ్మి చచ్చిన మొక్కలను నేను అక్కడే చూశాను. ఆ పాటలో ఆ మాను రెండంటే రెండు క్షణాలు కనిపిస్తుంది, అదీ హీరోయిన్ వెనక మసగ్గా. పూలు చాలడంలేదని వాటి మీద కాగితం పూలు కూడా గుచ్చారు.

గోనెసంచుల్లో తిరిగి తీసుకుపోయాం. చిన్నవ్వ సంచులు విప్పింది. అరటినార నానబెట్టుకుని, గుమ్మం ముందు కూర్చుని, ఒక్కో ఆకునూ కుంకుడురసంతో కడగడం మొదలుపెట్టింది. నేను నెమ్మదిగా పక్కన చేరి నారపోగు ఒకటి అందుకున్నాను. నా వేళ్ళ మధ్యనుంచి దాన్ని లాక్కుంది. గట్టిగా కూడా లాగలేదు. నావైపు చూడకుండా తీసుకుంది, అంతే. సాయంత్రం దాకా ఒక్కతే కట్టింది. నలభైనీ కట్టింది. వానలు పడగానే ఒకదాని తరవాత ఒకటి మొదట్లోంచి కుళ్ళిపోయాయి. చెవిపోటని వచ్చినవాళ్ళకు ఖాళీ చెట్లు చూపించి పంపేది. మెల్లమెల్లగా రావడం మానేశారు.

ఆ తరవాత నాయన నన్ను సైకిల్ ఎక్కించుకోలేదు. ఆదివారం తయారై నిలబడితే, "నిన్ను చూస్తే చిన్నమ్మకు కష్టంగా ఉంటాది. నువ్వు వొద్దులే పాపా" అని తను ఒక్కడే వెళ్ళేవాడు. చెట్లూ పూలూ అన్న మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. నేను వాగుడుకాయనని, నోట్లో నువ్వుగింజ నానదని ఇంటా బయటా పేరు పడిపోయింది. ఎవరేం అడిగినా తెలియదనడం అలవాటు చేసుకున్నాను. కాపురానికి వెళ్ళాక మా ఆయన, "నీకు మాట్లాడటం వచ్చా?" అని ఎగతాళి చేసేవాడు.

చిన్నవ్వ పోయిందని కబురొచ్చినప్పుడు నేను తొండియార్‌పేటలో ఉన్నాను, చంటిపిల్ల ఒళ్ళో. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. ఏ మొహం పెట్టుకుని పోవాలి అనుకున్నాను. పోలేదు. నాయన వెళ్ళాడు. కొడుకు స్థానంలో నిలబడి కర్మ చేశాడనీ, అంత ప్రేమ కన్నకొడుకుల్లో కూడా ఉండదనీ చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ తోపు ఉన్న చోట ఇప్పుడు లారీల గోడౌన్లు.

నాయన ముసలితనంలో మా ఇంట్లోనే ఉన్నాడు. ఒకనాడు మధ్యాహ్నం మా అమ్మాయి తాతను సినిమా కబుర్లు అడుగుతోంది. నేను పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఆయన ఉషారుగా ఆ అడవి సెట్టు కథ ఎత్తుకున్నాడు.

"మీ అమ్మ యాడనుంచో ఒక పూవు తెచ్చి సీసాలో పెట్టింది. దినాం చూస్తాండా, అది వాడేది కాదు. అప్పుడే అనుకున్నా, ఇదీ మన పాటకు కావాల్సిన పూవని. ఆర్ట్ డైరెక్టరు అరిచేదానికి ముందు దినమే వ్యాను మాట్లాడేసినా, మనుషుల్నీ పిలిచేసినా. చిన్నమ్మ ఊత్తుకోట పోతాండాదని గూడా కనుక్కున్నా. అందుకే ఒక్క పూటలో పని అయిపోయింది. తొందరా అంటే అదీ!"

చిక్కుడుకాయలు పక్కన పెట్టాను. "మరి చిన్నవ్వతో నా నోరు జారిందన్నావే?" అన్నాను.

ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. నిజంగానే మరిచిపోయాడు, నటన కాదు. "అన్నానా? అనుంటాలే. చిన్నబిడ్డ మీద పెడితే ఎవురికైనా కోపం నిలవదు గదా, అందుకని చెప్పుంటా. ఆమె పెంచినోడిని, నా మీద కోపమొస్తే నేను తట్టుకోలేను" అన్నాడు. నా మొహం చూసి, "ఎప్పటి మాట, ఇప్పుడెందుకు? పరవాల్లా, పోనీలే" అని మనవరాలి వైపు తిరిగి కథ కొనసాగించాడు.

ఆయనకు చివరిదాకా అన్నం పెట్టాను, మంచం పడితే ఒళ్ళు తుడిచాను. మంచి కూతురన్నారు అందరూ. కానీ ఆ మధ్యాహ్నం తరవాత నేను ఆయనను నాయనా అని పిలవలేదు. ఆయన గమనించాడో లేదో తెలియదు.

నేను పెద్దగా ఏమీ కోరుకోలేదు. నా తరఫున ఆమెతో ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. "పాప కాదు చిన్నమ్మా, నేనే" అని. మొక్కలు పోయిన ఆ ఏడాది నుంచి చిన్నవ్వ ఇంకా పదకొండేళ్ళు బతికింది. ప్రతి ఆదివారం ఆమె ఎదురుగా కూర్చుని ఆమె పెట్టిన సంగటి తింటూ, ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు తీరిక దొరకలేదు.